ఒకటి ఏడు రెండు, రెండు మూడు మూడు

2025 సెప్టెంబరు 30న అమెరికాలో ఎ.ఓ.ఎల్. సంస్థ తన డయలప్ సేవకు స్వస్తి చెప్పింది. ఆ వార్త వెలువడగానే లోకమంతా ఒక శబ్దాన్ని తలచుకొంది. మొదట కీచుమని, తరువాత గురగురమని, ఆ పైన రేకుల కప్పు మీద వాన పడినట్టు సాగే మోడెం రొద అది. పాత రోజులను నెమరువేసుకొనే వారందరికీ డయలప్ అంటే అదే. నాకు మాత్రం ఆ శబ్దానికి ముందు తెర మీద కనిపించే చిన్న గడి గుర్తుకు వచ్చింది. టెలిఫోను నంబరు వ్రాయవలసిన గడి అది. దాని పక్కన ప్రాంతపు కోడ్‌కు ఒక గడి, దేశపు కోడ్‌కు ఇంకొక గడి, వాటి కింద టిక్కు పెట్టటానికి బుల్లి చదరం. శబ్దం న్యూజెర్సీలో విన్నా ఎ.కొండూరులో విన్నా ఒకటే. ఆ గడుల్లో నింపవలసింది మాత్రం ఊరికొక విధం. అందుకే డయలప్ కథను ఎవరైనా చెప్పదలచుకొంటే ఆ గడుల దగ్గర మొదలుపెట్టటం న్యాయమని నా అభిప్రాయం.

మాది ఎ.కొండూరు. విజయవాడ నుంచి మైలవరం మీదుగా తిరువూరు పోయే దారిలో ఉంటుంది. అప్పట్లో కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లా. మా ఊరి పేరు ముందున్న ఆ ఒక్క అక్షరం అలంకారానికి పెట్టుకొన్నది కాదు. జి.కొండూరు కూడా అదే జిల్లాలో ఉంది. అక్షరం మారితే ఉత్తరం వేరే ఊరికి పోతుంది, పెళ్ళిపిలుపు అందుకొన్న చుట్టం వేరే ఊళ్ళో బస్సు దిగుతాడు. పేరుకు ముందు ఒక గుర్తు ఎందుకు కావాలో మా ఊరివాళ్ళకు ప్రత్యేకించి బోధించనక్కరలేదు. టెలిఫోను శాఖవారు మా ప్రాంతానికి ఇచ్చిన 08673 కూడా మా దృష్టిలో అటువంటి అక్షరమే. దేశంలో అదే అంకెల నంబరు ఇంకెన్ని చోట్ల ఉన్నా, ఇది తిరువూరు వైపుదని చెప్పే ఇంటిపేరు అది.

మా ఇంట్లోకి కంప్యూటరు 2001లో వచ్చింది. నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. అన్నయ్య అమెరికాలో ఉండేవాడు. ఉత్తరం వెళ్ళటానికి రెండు వారాలు, జవాబు రావటానికి రెండు వారాలు. ఫోను చేస్తే వాడికి ఖర్చు, మాకు కంగారు. మాట్లాడవలసినవన్నీ మరచిపోయి, ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకొని పెట్టేసేవాళ్ళం. కాబట్టి ఈ-మెయిల్ కోసమే కంప్యూటరు కొన్నాము. విజయవాడలో అమ్మినతను తన దుకాణంలోనే అంతర్జాలానికి కలిపి చూపించాడు. అక్కడ ఒక్క పిలుపుతో కలిసింది. ఇంటికి తెచ్చి, ఫోను తీగ మోడెంకు తగిలించి అదే బొత్తాం నొక్కితే, పెట్టెలోంచి ఒక స్త్రీ కంఠం ఎంతో మర్యాదగా నంబరు సరిచూసుకోమని చెప్పింది. నాలుగు రోజులు ఆమె అదే మాట చెప్పింది.

అంతర్జాలానికి కలపవలసిన నంబరు 172233. బి.ఎస్.ఎన్.ఎల్. వారి సంచార్‌నెట్ సేవకు దేశమంతటా ఇదే నంబరు. దుకాణంలో అతను దీనిని విజయవాడ కోడ్ 866తో కలిపి వ్రాసి, డయలింగు నియమాలు పాటించమనే చదరంలో టిక్కు ఉంచాడు. ఆ నియమం చాలా సులువైనది. కంప్యూటరు రెండు సంగతులు పోల్చి చూస్తుంది. నువ్వు పిలిచే నంబరు ఏ ప్రాంతానిది? నువ్వు ఇప్పుడు ఏ ప్రాంతంలో ఉన్నావు? రెండూ ఒకటే అయితే నంబరును ఉన్నదున్నట్టు తిప్పుతుంది. వేరైతే ముందు సున్నా, ఆ పైన కోడ్, తరువాత నంబరు తిప్పుతుంది. దాని భూగోళశాస్త్రమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయింది. దుకాణంలో రెండూ 866 కాబట్టి 172233 అనే తిప్పింది. మా ఇంట్లో మొదటిసారి తెరిచినప్పుడు, మీరు ఏ ప్రాంతంలో ఉన్నారని అడిగితే, ఉన్నమాటే కదా అని 8673 అని వ్రాశాము. అప్పటి నుంచి అది 0866172233 అని తిప్పటం మొదలుపెట్టింది. లోకంలో ఎక్కడా లేని నంబరు అది. మేము విజయవాడలోనే ఉన్నామని అబద్ధం చెప్పి ఉంటే మొదటి రోజే కలిసిపోయేది! సత్యమేవ జయతే అని పిల్లలకు మూడు దశాబ్దాలు పాఠం చెప్పిన నాన్నగారికి ఈ సంగతి తెలిసిన రోజున కలిగిన ఆశ్చర్యం నాకు ఇంకా గుర్తుంది.

తెలియజెప్పినది కంప్యూటరు తెలిసినవారు కాదు. లైను చూడటానికి వచ్చిన లైన్‌మన్. కంప్యూటరు ముందు ఎన్నడూ కూర్చోనివాడు. తన చేతి ఫోను తీగకు తగిలించి, మోడెం తిప్పే నంబరును చెవితో విని, లెక్కపెట్టి చెప్పాడు.

"మాస్టారూ, ఇది ముందు సున్నా కొడుతుందండీ. దీనికి ముందు ఏమీ ఉండకూడదు."

"విజయవాడ నంబరు కదయ్యా, కోడ్ లేకుండా ఎట్లా పోతుంది?"

"విజయవాడదీ కాదు, మనదీ కాదండీ. పోలీసులకు ఫోను చెయ్యాలంటే నూరు కొడతాం. ముందు కోడ్ ఏమైనా కొడతామా? ఇదీ అట్లాంటిదే."

టిక్కు తీసేశాము. కంప్యూటరు అంకెలను అంకెలుగానే తిప్పింది. కలిసింది.

ఆ లైన్‌మన్ మాటలో ఎంత లోతు ఉందో నాకు చాలా ఏళ్ళకు గాని బోధపడలేదు. మనదేశంలో సామాన్యులకు అంతర్జాలాన్ని వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. తొలుత బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలలో. ఆ నగరాల వారికి అది స్థానికపు పిలుపు. మా వంటి ఊరి నుంచి ఎవరైనా సాహసించి కలుపుకోవాలంటే మద్రాసుకు ఎస్.టి.డి. చెయ్యవలసిందే. స్థానిక పిలుపులో నిమిషాలకొక యూనిట్ పడితే, ఎస్.టి.డి.లో దూరాన్ని బట్టి క్షణాలకొక యూనిట్ పడేది. పుట దిగటానికి రెండు నిమిషాలు పడితే, నగరంలో అది అర యూనిట్ కూడా కాదు; పల్లెలో పదుల యూనిట్లు. అదే అక్షరం, అదే పుట, కాని చదువరి ఉన్న ఊరును బట్టి ధర. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు కూడా లైసెన్సులు వచ్చాయి. సంస్థ ఏదైనా దానికి 172తో మొదలయ్యే నంబరు ఒకటి ఉండేది. ఆ నంబరుకు ఊరు లేదు, కోడ్ లేదు, కాబట్టి దూరం కూడా లేదు. ఎ.కొండూరు నుంచి తిప్పినా స్థానికపు ధరే.

తీగ పొడవు తగ్గలేదు. మా మాట తిరువూరు మీదుగానో మరొక దారినో అన్ని మైళ్ళూ పోవలసిందే. ఆ మైళ్ళ ఖర్చును పల్లెవాడి బిల్లులో వ్రాయకూడదని ఎక్కడో కొందరు కూర్చొని తీర్మానించారు. అంతే. సాంకేతిక ప్రగతి వల్ల దూరాలు చెరిగిపోయాయని తరచు వింటుంటాము. నేను చూసినంతలో దూరాన్ని చెరిపింది యంత్రం కాదు. ఒక ధరల పట్టికలోని ఒక వరుస. నంబరు ముందు ఏమీ ఉండకూడదని లైన్‌మన్ చెప్పిన మాటకు అర్థం అదే.

కోడ్ సంగతి తేలాక కూడా కొన్ని అమరికలు మిగిలాయి. వాటిలో ప్రతి ఒక్కటీ మా ఊరు ఎక్కడుందో మళ్ళీ గుర్తుచేసేది. మోడెం నంబరు తిప్పేముందు డయల్ టోన్ కోసం చెవి ఒగ్గుతుంది. అమెరికాలో ఆ టోన్ 350, 440 హెర్ట్జ్‌ల జంట స్వరం. మనదేశంలోది 400 హెర్ట్జ్‌ల స్వరం, 25 హెర్ట్జ్‌ల కంపనతో. ఆ దేశపు శ్రుతికి అలవాటుపడిన మోడెం మన ఎక్స్ఛేంజి పాడుతూనే ఉన్నా లైను లేదని చెప్పేది. డయల్ టోన్ కోసం ఆగవద్దని టిక్కు తీసేస్తే గాని ముందుకు కదిలేది కాదు. ఇక టోనా, పల్సా అన్న ఎంపిక. పాత ఎక్స్ఛేంజీలకు టోన్ తెలియదు. టిక్ టిక్ మనే పల్స్ కావాలి. పల్స్‌లో ఒకటికి ఒక దెబ్బ, తొమ్మిదికి తొమ్మిది, సున్నాకు పది. 172233 మొత్తం పద్దెనిమిది దెబ్బలు. 0866 అన్న కోడ్ ఒక్కటే ముప్పై. ఊరు దాటి పోవటానికి ముందు కొట్టవలసిన ఆ సున్నాయే అన్ని అంకెల్లోకీ బరువైనది. లైన్‌మన్ చెవితో లెక్కపెట్టి పట్టుకొన్నది కూడా ఆ పది దెబ్బలనే.

నంబరు మధ్యలో కామా పెడితే మోడెం రెండు క్షణాలు ఆగుతుంది. ఈ సంగతి మా పెదనాన్నగారి అబ్బాయి పనిచేసే కాలేజీలో తెలిసింది. అక్కడ బయటి లైను కోసం ముందు 9 కొట్టి, కాస్త ఆగి, అప్పుడు నంబరు కొట్టాలి. 9, కామా, 172233. ఛందస్సులో యతి ఎక్కడ పడాలో జీవితమంతా చెప్పిన నాన్నగారు దీనిని వెంటనే గ్రహించారు. "ఇక్కడ విరామం ఉండాలన్న మాట. లేకపోతే అర్థం చెడుతుంది" అన్నారు. తన చిట్టా పుస్తకంలో ఒక పేజీ ఈ నంబర్లకే కేటాయించారు. ఏ చోటి నుంచి అయితే ఏమి కొట్టాలి, ఎక్కడ ఆగాలి అని గుండ్రని అక్షరాలతో వ్రాసుకొన్నారు.

ఆ పేజీ నిలకడగా ఉండలేదు. కొన్నాళ్ళకు రాష్ట్రంలోపలి పిలుపులకు సున్నాకు బదులు 95 కొట్టాలన్న పద్ధతి వచ్చింది. అలా చేస్తే ధర తగ్గేది. కంప్యూటరుకు ఈ సంగతి తెలియదు. భారతదేశం అంటే సున్నాయే అని దానికి నేర్పి పంపారు. 2003 ప్రాంతంలో దేశమంతటా కోడ్, నంబరు కలిపి పది అంకెలు కావాలన్న ప్రణాళిక వచ్చి, ల్యాండ్‌లైన్ నంబర్లకు ముందు 2 చేరింది. చిట్టాలో నంబర్లన్నిటికీ నాన్నగారు ఎర్రసిరాతో రెండు అంకె చేర్చారు. 95 తరువాత రద్దయింది. దాన్నీ కొట్టివేశారు. ఇన్ని మార్పుల మధ్య చెక్కుచెదరనిది 172233 ఒక్కటే. నాన్నగారు దానిని ఒకటి ఏడు రెండు, రెండు మూడు మూడు అని, మధ్యలో ఊపిరి తీసుకొని, పాదం విరిచినట్టు చదివేవారు.

ఇంతవరకు చెప్పినవన్నీ అంకెల సంగతులు. అంకెలతో తేలని అమరిక ఒకటి ఉంది. దానిని చెప్పాలనే ఇంతగా వ్రాస్తున్నాను.

ఆ రోజుల్లో మా వీధిలో ఫోను ఉన్న ఇళ్ళు తక్కువ. మా నంబరు మా ఒక్కరిది కాదు. శుభలేఖల మీద, దుకాణాల రశీదుల మీద నంబరు పక్కన పి.పి. అని రెండక్షరాలు ఉండేవి. ఆ నంబరుకు ఫోను చేస్తే ఫలానా వారిని పిలిచి పెడతారని అర్థం. ఎనిమిది ఇళ్ళకు మేము పి.పి. ఎదురింటి పిన్నిగారి కొడుకు సైన్యంలో ఉండేవాడు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యం సరిహద్దుకు తరలింది. అతనిని కూడా పంపారు. ఉత్తరాలు ఆలస్యమయ్యాయి. ఆమె రోజూ పొద్దున్నే మా అరుగు మీదికి వచ్చి, ముగ్గు వేయటానికి వచ్చినట్టు కాసేపు అటూ ఇటూ చూసి, "అబ్బాయేమైనా చేశాడా అన్నయ్యగారూ?" అని నాన్నగారిని అడిగేది.

ఎస్.టి.డి.కి రాత్రి పదకొండు దాటాక తెల్లవారి ఆరు లోపల పావు ఛార్జీ అన్న లెక్కకు అలవాటుపడిన జనం కాబట్టి, దూరపు ఫోన్లు చాలావరకు తెల్లవారుజామునే వచ్చేవి. మేము అంతర్జాలం కలుపుకొనేదీ అప్పుడే. లైను తేటగా ఉండేది. ఒకే తీగ మీద రెండు నిరీక్షణలు. అంతర్జాలం కలిసి ఉన్నంతసేపు మా నంబరుకు చేసినవారికి ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది. సరిహద్దులో ఒక బూత్ ముందు బారులో నిలబడినవాడికి ఆ టోన్ వినిపిస్తే మళ్ళీ వంతు ఎప్పుడు వస్తుందో.

మా లైనుకు కాల్ వెయిటింగ్ సౌకర్యం ఇప్పించినది నాన్నగారే. దానితో కొత్త చిక్కు వచ్చింది. రెండో పిలుపు వచ్చినప్పుడు వినిపించే చిన్న బీప్‌తో మోడెం సంభాషణ తెగిపోతుంది. దీనికి కూడా ఆ డయలింగు నియమాల పుటలోనే మందు ఉంది. కాల్ వెయిటింగ్‌ను ఆపదలచుకొంటే ఈ సంకేతం తిప్పమని ఒక గడి, అందులో *70 వంటి అమెరికా సంకేతాలు. మన ఎక్స్ఛేంజికి తగిన సంకేతం కనుక్కొని అక్కడ వ్రాస్తే, అంతర్జాలం కలిసి ఉన్నంతసేపు ఎవరి పిలుపూ అడ్డురాదు. ఇది తెలిసినవాడు మా బంధువొకడు వచ్చినప్పుడు ఆ గడి నింపబోయాడు. నాన్నగారు వద్దన్నారు.

"మధ్యలో తెగిపోతుంది మామయ్యా. మళ్ళీ మొదటి నుంచి దింపుకోవాలి."

"తెగనివ్వు. తెగితేనే కదా ఎవరో పిలుస్తున్నారని తెలిసేది."

2002 జనవరిలో అన్నయ్యకు కూతురు పుట్టింది. ఫోటో పంపానని ఫోనులో చెప్పాడు. మా లైను మీద సెకనుకు మూడు కిలోబైట్లు దిగితే మహాభాగ్యం; ఫోటో దిగటానికి రెండు మూడు నిమిషాలు పట్టేది. తెల్లవారి అయిదున్నరకు నాన్నగారు స్నానం చేసి, కళ్ళజోడు తుడుచుకొని కూర్చొన్నారు. ఉత్తరాలు దిగుతున్న గీత సగం దాటింది. అక్కడ ఆగింది. సంబంధం తెగిందని తెర మీద పడిన మరుక్షణం ఫోను మోగింది. ఎదురింటి అబ్బాయి.

నాన్నగారు రిసీవరు బల్ల మీద పెట్టి, చెప్పులు లేకుండా వీధి దాటారు. పిన్నిగారు తడిచేతులతో వచ్చింది. ఏమి మాట్లాడుకొన్నారో మేము వినలేదు; వినకూడదని నాన్నగారు మమ్మల్ని పెరట్లోకి పంపారు. వెళ్ళేటప్పుడు ఆమె ఒకటే చెప్పింది: "అన్నం తింటున్నాడట." తరువాత మళ్ళీ కలుపుదామంటే నాన్నగారు ఒప్పుకోలేదు. వాడు ఏదైనా మరచిపోయి మళ్ళీ చేస్తాడేమో అన్నారు. మనవరాలి ముఖం ఆయన మరునాడు చూశారు.

ఇప్పుడు ఎ.కొండూరులో ఎవరికీ ఆ గడులు నింపే అవసరం లేదు. చేతిలోని ఫోను మీరు ఎక్కడున్నారని అడగదు. టవరు ద్వారా దానికి ముందే తెలుసు. ఒకరి నంబరు ఎనిమిది ఇళ్ళకు పనిచేయనక్కరలేదు. ఎవరి ఫోను వారిది. ఇది మేలే. పిన్నిగారి వంటి తల్లి ఇవాళ తెల్లవారుజామున పొరుగింటి అరుగు మీద నిలబడనక్కరలేదు. కొడుకు ముఖమే చూసి మాట్లాడుతుంది. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కాని యంత్రం మన చేత మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయించుకొనే కాలం ఒకటి ఉండేది. నువ్వెక్కడున్నావు? దూరపు ఖర్చు ఎవరు భరిస్తారు? నీ పనిలో ఉండగా ఇంకొకరు పిలిస్తే ఏం చెయ్యమంటావు? మొదటిదానికి జవాబు మా ఊరి కోడ్. రెండోదానికి ప్రభుత్వం జవాబు చెప్పింది. మూడోదానికి ఇంటి పెద్ద చెప్పవలసి వచ్చింది. ఈ మూడు ప్రశ్నలూ నేటికీ ఉన్నాయి. జవాబులు మాత్రం మనల్ని అడగకుండానే నిండిపోతున్నాయి. మూడోదాన్ని ఇప్పుడు డు నాట్ డిస్టర్బ్ అంటున్నారు. ఒక్క వేలితో నొక్కితే సరి. నొక్కేముందు వీధి అవతల ఎవరున్నారో చూడవలసిన పని లేదు.

నాన్నగారు పోయాక చిట్టా పుస్తకం నా దగ్గరకు వచ్చింది. నంబర్ల పేజీలో నల్లసిరా, ఎర్రసిరా, కొట్టివేతలు. ఒక పక్కగా పి.పి. అని శీర్షిక పెట్టి ఎనిమిది ఇళ్ళ పేర్లు, ఒక్కొక్క పేరు ఎదుట ఎవరి ఫోను ఎప్పుడు రావచ్చో. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న నియమం వచ్చింది. ఆయన ఉంటే దానిని కూడా ఎక్కించేవారు. నేను ఎక్కించాను. ఆ పేజీలోని ఫోను నంబర్లలో ఇవాళ ఒక్కటీ మోగదు. 08673 మాత్రం ఇప్పటికీ తిరువూరు ప్రాంతానిదే.